పాత వాద్యమునకు వెల కట్టుట

1951వ సంవత్సరమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమునందు, ఫుల్లర్టన్ అను పట్టణములో, రేడియోలు బాగుచేయు వృత్తితో జీవనము ప్రారంభించిన లియో ఫెండర్ ప్రెసిషన్ బేసు అను కొత్త వాద్యమును విపణికి తెచ్చెను. అంతకు పదునైదేండ్ల పూర్వమే సియాటిల్ నగరమున పాల్ టుట్‌మార్క్ అనునతడు విద్యుత్ బేసు గిటారు నొకదానిని చేసి అమ్మజూచెను గాని, అది నిలదొక్కుకొనలేదు. ఫెండర్ వాద్యము నిలదొక్కుకొనుటకు కారణములు పెక్కు కలవు: మనిషి ఎత్తును మించిన డబుల్ బేసును ఊరూర మోయవలసిన బాధ తప్పినది; మెడపై లోహపు మెట్లుండుటచే స్వరము తన స్థానమున తాను పలికినది; ఆంప్లిఫయరు తోడుండుటచే డ్రమ్ముల మోతలోను మంద్రస్థాయి వినబడినది. కాని పాత వాద్యములను కొనువానికి, అమ్మువానికి వీనికంటె ముఖ్యమైన విశేషము మరియొకటి ఆ నిర్మాణములో నున్నది. ఫెండర్ తన వాద్యపు మెడను వయొలిన్ చేయువారివలె జిగురుపెట్టి అతికింపక, నాలుగు మరలతో దేహమునకు బిగించెను. మెడ వంగిన మరలు విప్పి వేరొక మెడను అమర్చుకొనవచ్చును; తీగల కంపనమును విద్యుత్తుగా మార్చు పికప్పు చెడిన దానిని తీసివేసి మరొకదానిని టంకము పెట్టుకొనవచ్చును. మరమ్మతు సులభమగుటకై చేసిన ఈ ఏర్పాటే డెబ్బది యేండ్లు గడచిన పిదప ప్రతి సందేహమునకును మూలమైనది. ఏలయన 1962 నాటి దేహము, 1974 నాటి మెడ, నిన్న మొన్న చుట్టిన పికప్పు, ఈ మూడును ఒక్క పేరుతో, ఒక్క వెలతో, ఒక్క వాద్యమై అంగడికి రావచ్చును.

వాడిన సరకుల అంగడిలో అమ్మువానికి తెలిసినంత కొనువానికి తెలియదు. ఈ సామాన్య విషయమునుండి ఎంతటి అనర్థము పుట్టగలదో 1970లో జార్జ్ అకర్లాఫ్ అను ఆర్థికశాస్త్రజ్ఞుడు పాత కార్ల వ్యాపారమును ఉదాహరణముగా గైకొని నిరూపించెను. మంచి కారును చెడ్డ కారును కొనువాడు వేరుపరుపజాలనప్పుడు రెంటికిని సగటు వెలయే ఇవ్వజూపును. ఆ సగటు వెలకు తన మంచి కారును ఇచ్చుటకు మనసొప్పని యజమాని అంగడి విడిచిపోవును. మిగిలినవానిలో చెడ్డవాని పాలు పెరుగును. అందుచే సగటు వెల మరింత దిగును. తుదకు మంచి సరకు కంటికి కనబడకుండ పోవును. అకర్లాఫునకు 2001లో మరి ఇద్దరితోపాటు నోబెల్ బహుమానము తెచ్చినది ఈ విచారణయే. ఆ తర్కము ప్రకారము పాత గిటార్ల వ్యాపారము ఎన్నడో క్షీణింపవలసినది, క్షీణింపలేదు. నాకు తోచినంతలో దీనికి ప్రధాన కారణము, ఆ వాద్యము తన వయసును, తనకు జరిగిన మరమ్మతులను, తనలోని దోషములను తానే వెల్లడింపగలుగుటయే. మరలు విప్పుటకొక స్క్రూడ్రైవరు, నిరోధము కొలుచుటకొక మల్టీమీటరు, తొందరపడని చెవి, ఇవి మూడును గలవాడు అమ్మువాని మాటపై ఆధారపడనక్కరలేదు. పాతదైనంతమాత్రమున మేలైనదనుట ఎంత అవివేకమో, పాతదైనంతమాత్రమున అరిగినదనుటయు అంతే అవివేకము. కొయ్య, రాగి, అయస్కాంతము, లక్క, జెర్మేనియము, కెపాసిటరులోని రసాయనము, వీనిలో ప్రతిదియు తన తన ధర్మము ననుసరించియే ముసలిదగుచున్నది. వెల కట్టదలచినవాడు ఆ ధర్మములను విడివిడిగా ఎరుగవలయును.

మొదట వయసు సంగతి. మెడను విప్పినచో, దేహములో దూరియుండు దాని మడమపై, కర్మాగారమున పెన్సిలుతో వ్రాసిన తేదీ గాని, సిరాముద్ర గాని పెక్కు ఫెండర్ వాద్యములందు కనబడును. దేహము వెనుకనుండు లోహపు పలకపై వరుస సంఖ్య యుండును గాని దానిని నమ్మి తేదీ చెప్పరాదు; ఆ పలకలు కర్మాగారమున డబ్బాలలో పోసియుండగా పనివారు చేతికందినదానిని తీసి బిగించెడివారు. అంతకంటె మంచి సాక్షి లోపలనున్నది. ధ్వనిని హెచ్చించి తగ్గించు పొటెన్షియోమీటరు వెనుక కొన్ని అంకెలు చెక్కబడియుండును. అమెరికాలోని విద్యుత్ పరికరముల తయారీదారులు తమలో తామేర్పరచుకొన్న పద్ధతి ననుసరించి, అందు మొదటి మూడంకెలు తయారుచేసిన సంస్థను, తరువాతివి సంవత్సరమును, వారమును తెలుపును. 1376612 అని యున్నచో, 137 అనునది సీటీఎస్ సంస్థ. 66 అనునది 1966. 12 అనునది ఆ యేటి పండ్రెండవ వారము. 304 అనునది స్టాక్‌పోల్ సంస్థకు గుర్తు. అయితే ఈ సాక్ష్యము ఒక్క దిక్కుననే చెల్లును: వాద్యము ఆ తేదీకి ముందు పుట్టియుండదు, తరువాత ఎప్పుడైనను పుట్టియుండవచ్చును. ఫెండర్ సంస్థ 1966లో ఈ భాగములను అధికముగా కొని నిలువచేసికొన్నందున, ఆ దశకము చివర చేసిన వాద్యములలోను 1966 నాటి అంకెలే అగుపించును. ఇక ఆ అంకెలు నిజమైనవే యైనను, తీగను పట్టియుంచు టంకము మిలమిల మెరయుచు రెండు పొరలుగా నున్నచో, అది విప్పి మరల అతికినదని గ్రహింపవలయును.

ఈ తేదీల వెదకులాట వట్టి వేడుక కాదు. 1965 జనవరిలో లియో ఫెండర్ తన సంస్థను సీబీఎస్ అను ప్రసార సంస్థకు 1 కోటి 30 లక్షల డాలర్లకు అమ్మివేసెను. అంతకు మునుపటి వాద్యములకును పిమ్మటివానికిని నేడు అంగడిలో పెద్ద అంతరము కలదు. పరిమాణము పెరిగినకొలది పనితనము దిగజారెనను ఫిర్యాదు నిరాధారము కాదు; కాని ఆ తేదీకి అటు ఒక నెల, ఇటు ఒక నెల పుట్టిన రెండు వాద్యములు ఒకే కొయ్యతో, ఒకే చేతులతో చేయబడినవన్న సంగతి వెల మరచినను మనము మరువరాదు.

పైపూత మరియొక సాక్షి. 1960 దశకము తుదివరకు ఎక్కువగా వాడినది నైట్రోసెల్యులోజు లక్క. పాత సినిమా ఫిల్ము ఏ పదార్థముతో చేయబడెడిదో దాని వంశములోనిదే. అది గాలికి, వెలుతురునకు పసుపెక్కును. చలినుండి వేడికి హఠాత్తుగా మారినప్పుడు సన్నని పగుళ్లు వారును. చీకటి గదిలో అతినీలలోహిత దీపము క్రింద పట్టి చూచినచో, పాత లక్క ఆకుపచ్చతో కూడిన పసుపు వన్నెతో వెలుగును. తరువాత ఎవరైన పూసినచోటు ఆ వెలుగునుండి వేరై మచ్చవలె నిలుచును. పూత మార్చినందువలన ధ్వని చెడదు. కాని సేకరణకర్త చెల్లించు వెల మాత్రము మిక్కిలి తగ్గును; అందుచేత వాయించుకొనుటకు కొనువానికి ఇట్టి వాద్యమే గొప్ప లాభమని నా నిశ్చితాభిప్రాయము. ఇంకొక మాట: నైట్రోసెల్యులోజు పూతగల వాద్యమును చవుకరకపు రబ్బరు, వినైలు తొడుగుల స్టాండుపై నిలిపియుంచరాదు. ఆ తొడుగులలోని మెత్తదనమునిచ్చు రసాయనము పూతలోనికి దిగి దానిని కరిగించి, మాయని గుర్తును మిగుల్చును.

వాయించువానికి వీనియన్నింటికంటె ముఖ్యమైనది మెడ. బేసు గిటారు తీగల పొడవు, ఫెండర్ నిర్ణయించిన కొలత ప్రకారము, 34 అంగుళములు, అనగా దాదాపు 86 సెంటీమీటర్లు. లావు తీగ సెకనుకు 41.2 పర్యాయములు కంపించును. దానిపై తరంగము సెకనుకు సుమారు 71 మీటర్ల వేగమున పోవుచుండును. ఇంత లావైన తీగకు ఈ వేగము రావలెనన్న బిగువు ఎక్కువ కావలయును. నాలుగు తీగలును కలిసి మెడను డెబ్బది, ఎనుబది కిలోల బరువునకు సమానమైన బలముతో రేయింబవళ్లు లాగుచుండును. ఈ లాగుడును ఎదుర్కొనుటకై మెడ లోపల ఒక ఉక్కుకమ్మి కలదు. దాని చివరి మరను త్రిప్పి మెడ వంపును దిద్దుదురు. పరీక్షించు విధము సులభము. తీగను మొదటి మెట్టువద్దను, చివరి మెట్టువద్దను ఒకేసారి అదిమి పట్టి, ఏడు, ఎనిమిది మెట్ల నడుమ తీగకు మెట్టునకు గల ఎడమును చూడవలయును. మిల్లీమీటరులో మూడవ వంతు ఎడమున్న మంచిది. అసలు లేకున్న మెడ వెనుకకు వంగినట్లు. మిల్లీమీటరు మించిన ముందుకు వంగినట్లు. ఇట్టి వంపును కమ్మి దిద్దగలదు గాన దానికై భయపడనక్కరలేదు. భయపడవలసినది ఆ మర తుదముట్టినప్పుడు. పూర్వపు యజమానులు బిగించి బిగించి ఇక తిరుగుటకు చోటు లేకుండ చేసిన మరయే నిజమైన దోషము. దానిని కొనకముందే కొంచెము త్రిప్పి చూపుమని అడుగుటకు మొగమాటపడరాదు. మెడ మెలితిరిగినచో, అనగా ఒక అంచు ఒక తీరున, రెండవ అంచు వేరొక తీరున వంగినచో, దానిని ఏ కమ్మియు దిద్దజాలదు.

కొయ్య తేమను పీల్చినప్పుడు అడ్డముగా ఉబ్బును. నిలువున మాత్రము దాదాపు మారదు. అందుచేతనే సముద్రతీరపు ఊరినుండి పొడినేలకు వచ్చిన వాద్యములో మెడ వెడల్పు తగ్గి, మెట్ల కొనలు అంచుదాటి చేతికి గుచ్చుకొనును. ఇది ఆకురాయితో ఒక పూటలో పోవు బాధ; బేరమాడుటకు సాకుగా పనికివచ్చును గాని, వాద్యమును నిరాకరించుటకు కారణము కాదు. మెట్లు అరుగుట ఇంతకంటె ఖరీదైన వ్యవహారము. రాగి, నికెలు, జింకు కలిపిన లోహముతో చేసిన మెట్లు ఉక్కుతీగల రాపిడికి గాడిపడును. గాడి లోతైనచో అన్నింటిని పెరికి కొత్తవి కొట్టింపవలసినదే.

ఇక మెడలో, కంటికి గాని కొలబద్దకు గాని చిక్కని విశేషమొకటి కలదు. సన్ననైన జీ తీగపై ఒక్కొక్క మెట్టు మీటి, ధ్వని ఎంతసేపు నిలుచునో వినుచు పోయినచో, అయిదవ మెట్టునకు ఏడవ మెట్టునకు నడుమ ఎక్కడనో ఒక స్వరము తక్కినవానివలె నిలువక త్వరగా అణగిపోవుట తరచుగా గమనింపవచ్చును. తీగ కదలికకు ఆధారమైన మెడ కూడ ఒక కంపనశీలమైన దండమే. మెడకు స్వాభావికమైన కంపన పౌనఃపున్యమును స్వరపు పౌనఃపున్యము తాకినప్పుడు, తీగలోని శక్తి అనునాదము వలన మెడలోనికి ప్రవహించి, స్వరము మాయమగును. ఇది పాతదనము వలన వచ్చిన జబ్బు కాదు. నిన్న చేసిన వాద్యములోను ఉండును. మెడ చివర కొంచెము బరువు తగిలించినచో ఆ చోటు పక్కకు జరుగును గాని తొలగిపోదు. ఏ ప్రకటనలోను దీని ప్రస్తావన యుండదు గావున, ప్రతి మెట్టును మీటి వినుటకు పదినిమిషములు వెచ్చింపని కొనుగోలుదారుడు ఆ స్వరమును ఇంటికి పోయిన పిదపనే కనుగొనును.

దూరముననుండి ఫోనులో విని కొనువారికి ఇచటనే మరొక హెచ్చరిక చేయవలసియున్నది. ఫోనులోని చిన్న స్పీకరు 41 హెర్ట్జుల ధ్వనిని పలుకజాలదు. అయినను మనకు ఆ లావు తీగ స్వరము వినబడినట్లే యుండును. ఏలయన 82, 124, 165 హెర్ట్జుల అనుస్వరములు చెవిని చేరినప్పుడు, వానికి మూలమైన స్వరమును మన మెదడు తానే ఊహించి పూరించుకొనును. కావున ఫోనులో వినబడిన మంద్రము వాద్యమునది కాదు, శ్రోతది. నిజముగా ఆ మంద్రమున బలమున్నదో లేదో మంచి హెడ్‌ఫోను గాని, పెద్ద ఆంప్లిఫయరు గాని తప్ప చెప్పజాలదు.

పికప్పు అనునది 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణకు ప్రత్యక్షోదాహరణము. అల్యూమినియము, నికెలు, కోబాల్టు, ఇనుము కలిసిన మిశ్రలోహపు అయస్కాంతముల చుట్టును, వెంట్రుకవంటి సన్నని రాగితీగ వేల చుట్లు చుట్టబడియుండును; పైన ఉక్కుతీగ కంపించినప్పుడు అయస్కాంతక్షేత్రము చలించి రాగితీగలో విద్యుత్తు పుట్టును. కాలమొక్కటే ఈ అయస్కాంతములను బలహీనపరచుట మిక్కిలి స్వల్పము. సాధారణముగా చెడునది రాగితీగ. చెమట, తేమ సోకి ఎక్కడనో త్రెగును. ప్రెసిషన్ బేసు పికప్పు నిరోధము పది, పదునొకండు కిలోఓముల ప్రాంతమునను, ఫెండరుదే యైన జాజ్ బేసు పికప్పులది ఏడు, ఎనిమిది కిలోఓముల ప్రాంతమునను ఉండును. తీగ త్రెగిన మల్టీమీటరు అసలేమియు చూపదు. అయితే ఈ అంకెలను పట్టుకొని కొందరు జరుపు వాదములు నాకు సమ్మతములు కావు. రాగి నిరోధము ప్రతి డిగ్రీ ఉష్ణోగ్రతకు నూటికి 0.39 వంతున పెరుగును. 20 డిగ్రీల చల్లని గదిలో 10 కిలోఓములు చూపిన పికప్పు, వేసవిలో 35 డిగ్రీల గదిలో దాదాపు 10.6 చూపును. అమ్మువాడు శీతలదేశమున కొలిచి చెప్పిన అంకెకు మన ఇంటిలో వచ్చిన అంకె సరిపడలేదని పికప్పు మార్చబడెనని నింద మోపుట అన్యాయము.

1960లో వచ్చిన జాజ్ బేసునకు రెండు పికప్పులు; ఒకదానిలో తీగ ఒక దిక్కునను, రెండవదానిలో ఎదురు దిక్కునను చుట్టబడి, అయస్కాంత ధ్రువములు కూడ తారుమారై యుండును. అందుచేత తీగల ధ్వని రెండింటినుండియు కలిసి వచ్చును. కరెంటు తీగలనుండి వచ్చు ఝంకారము మాత్రము ఒకదానినొకటి రద్దుచేసికొనును. మన దేశమున కరెంటు 50 హెర్ట్జులది. లావు తీగపై మూడవ మెట్టు స్వరము 49 హెర్ట్జులు. అనగా మనచోట ఆ ఝంకారము బేసు వాయించు స్వరములలోనికే వచ్చి కూర్చుండును. రెండు పికప్పులను పూర్తిగా తెరచినప్పుడు అది అణగిపోయిన మంచిదే. అణగకున్న, ఎవరో ఒక పికప్పును మార్చి జత కలుపుట మరచినారు, లేదా తీగలు తప్పుగా కలిపినారు. తీగలపై చేయివేసినప్పుడు ఝంకారము తగ్గుట సహజము. చేయివేసినప్పుడు చురుక్కుమన్నచో మాత్రము వెంటనే ఆంప్లిఫయరును ఆపి, దాని ఎర్తు కనెక్షనును చూపింపవలయును. ఇది బేరమునకు గాక ప్రాణమునకు సంబంధించిన విషయము.

ఇక కొయ్యకు సంబంధించిన చట్టపు సంగతి. మెడపై పలక చాల పాత వాద్యములలో బ్రెజిలు దేశపు రోజ్‌వుడ్డు. ఆ చెట్టు అంతరించు ప్రమాదమున పడినందున 1992లో అట్టి జాతుల వ్యాపారమును నియంత్రించు అంతర్జాతీయ ఒప్పందపు అత్యంత కఠినమైన జాబితాలో చేర్చబడెను. నాటినుండి అట్టి వాద్యము అనుమతిపత్రము లేక దేశపు ఎల్ల దాటరాదు. బ్రెజిలు కొయ్య దుర్లభమైన పిదప గిటారు తయారీదారులు ఆశ్రయించినది భారతదేశపు రోజ్‌వుడ్డును, అనగా మన తూర్పు కనుమల అడవులలోను పెరుగు జిట్రేగిని. 2017 జనవరిలో ఆ జాతి వృక్షములన్నియు రెండవ జాబితాకెక్కి, వాద్యముల రవాణా దాదాపు మూడేండ్లు మిక్కిలి కష్టమైనది. 2019 నవంబరునుండి, పూర్తిగా తయారైన వాద్యములకు మినహాయింపు లభించెను. బ్రెజిలు కొయ్యకు మాత్రము ఆ మినహాయింపు వర్తింపదు. కావున 1960 దశకపు ఆరంభమునాటి బేసును విదేశమునుండి తెప్పించదలచినవాడు వెలకు ముందు కొయ్య ఏదో విచారించుట శ్రేయస్కరము.

ఇక, ధ్వనిని బొంగురుపరచుటకై కాలితో నొక్కు ఫజ్ పెడళ్ల కథ ఒక బేసు గిటారుతోనే మొదలైనదన్న సంగతి బేసు వాయించువారికి గర్వకారణము కాదగినది. 1960 చివర నాష్‌విల్ నగరమున మార్టీ రాబిన్స్ పాట నొకదానిని రికార్డు చేయుచుండగా, గ్రేడీ మార్టిన్ ఆరు తీగల బేసును వాయించెను. మిక్సింగు బల్లలోని ట్రాన్స్‌ఫార్మరు చెడియుండుటచే ఆ వాద్యధ్వని చీలి, బొంగురుపోయి వచ్చెను. దానిని పారవేయక అట్లే ఉంచిరి. పాట 1961లో విశేష ప్రజాదరణము పొందెను. అంతట ఆ రికార్డింగు చేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ, ఆ చెడిన ధ్వనిని కావలసినప్పుడెల్ల పుట్టింపగల సర్క్యూటును రెవిస్ హాబ్స్‌తో కలిసి మూడు జెర్మేనియము ట్రాన్సిస్టర్లతో నిర్మించెను. గిబ్సన్ సంస్థ దానినే 1962లో మేస్ట్రో ఫజ్‌టోను పేర అమ్మెను. కొన్నాళ్లు దానిని అడిగినవారు లేరు. 1965లో రోలింగ్ స్టోన్స్ బృందపు శాటిస్‌ఫాక్షన్ పాటలో అది వినబడిన పిదప అంగళ్లలో మిగిలిన పెట్టెలు లేవు.

ఆ జెర్మేనియమే నేటి పాత పెడళ్ల అంగడిలో మోజునకును మోసమునకును ఆలవాలము. జెర్మేనియములో ఎలక్ట్రానును విడిపించుటకు సిలికానులో కావలసిన శక్తిలో ఇంచుమించు అయిదింట మూడు వంతులు చాలును. అందువలన వట్టి వేడికే కొన్ని ఎలక్ట్రాన్లు విడివడి, ఎవరును పంపని విద్యుత్తు ట్రాన్సిస్టరు గుండ స్రవించుచుండును. ఈ స్రావము సుమారు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపగును. 22 డిగ్రీల గదిలో మధురముగా పలికిన ఫజ్ పెడలు, మన తెలుగునాట వైశాఖమాసపు పందిరిలో 42 డిగ్రీల వేడిమికి నాలుగింతల స్రావముతో గొంతు నులిమినట్లు తెగి తెగి పలుకుటలో ఆశ్చర్యము లేదు. దానిని చెడిపోయినదని అమ్మివేయుట తొందరపాటు. విడి ట్రాన్సిస్టర్లను కొనువారు మరింత జాగ్రత్త వహింపవలయును. చవుక మీటర్లు ఈ స్రావమును కూడ వర్ధనముగా లెక్కించి పెద్ద అంకె చూపును. ట్రాన్సిస్టరును వ్రేళ్ల నడుమ కొంతసేపు పట్టియుంచి చూచిన, అంకె పైకి ప్రాకినకొలది అందులో ఎంతపాలు స్రావమో తెలిసిపోవును.

ధ్వనిని ఆలస్యము చేసి మరల వినిపించు పెడళ్లలో 1970 దశకమున వాడిన చిప్పు మరియొక వింత. హాలెండులోని ఫిలిప్స్ పరిశోధనాలయమున సాంగ్‌స్టర్, టీర్ అను ఇద్దరు 1969లో దీనిని కల్పించిరి. ఊరిలో గడ్డివాము అంటుకొన్నప్పుడు జనము చెరువునుండి వరుసగా నిలిచి కడవలను చేతినుండి చేతికి అందించుకొన్నట్లు, ఈ చిప్పులో వేలకొలది సూక్ష్మ కెపాసిటర్లు ధ్వనియొక్క క్షణక్షణపు విద్యుద్భారమును ఒకదానినుండి ఒకదానికి, గడియారపు తాళమున కనుగుణముగా, అందించుకొనును. మత్సుషితా సంస్థ చేసిన ఎంఎన్3005 అను చిప్పులో ఇట్టి మెట్లు 4096. గడియారము సెకనుకు 10,000 సార్లు కొట్టినచో, మొదటి మెట్టున పడిన ధ్వని తుదిని చేరుటకు సెకనులో అయిదవ వంతు పట్టును. అందింపులో ప్రతిమారు కొంత ఒలికిపోవును. కావుననే ఆ ప్రతిధ్వని మసకబారి, పదును తగ్గి, చెవికి హితముగా నుండును. ఆ చిప్పుల తయారీ నిలిచిపోయిన పిదప వానిని ధరించిన పెడళ్ల వెల పెరిగినది. బాస్ సంస్థవారి డీఎం-2 పెడలులో తొలినాటివానియందు ఈ 3005 చిప్పు, తరువాతివానియందు దాని తమ్ముడు కలదు. పైకి రెండును ఒక్కటే. అడుగుమూత విప్పి చూడనివాడు రెండవదానికి మొదటిదాని వెల ఇచ్చును.

వెలయొక్క వింతలలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసినది క్లాన్ సెంటార్ అను పెడలు. అమెరికాలో బిల్ ఫినెగన్ అనునతడు 1994 మొదలు దాదాపు పదునైదేండ్లలో సుమారు 8,000 పెడళ్లు చేసెను. లోని సర్క్యూటు ఎవరికిని తెలియకుండ నల్లని రెజినుతో కప్పెను. కొందరు ఆ రెజినును ఓపికతో తొలిచి సర్క్యూటు నంతటిని వెల్లడించిరి. అందులో మానవునకు అసాధ్యమైనదేదియు లేదు: 9 వోల్టులనుండి ఎక్కువ వోల్టేజిని పుట్టించు ఒక చిప్పు, ధ్వని శిఖరములను నరకు రెండు జెర్మేనియము డయోడులు, స్వచ్ఛధ్వనిని కొంత కలుపు మార్గము. నేడు అదే సర్క్యూటుతో చేసిన పెడళ్లు స్వల్పధరకు దొరకుచుండగా, మూలవస్తువు మాత్రము వేలకొలది డాలర్లకు పోవుచున్నది. చెల్లించువాని ధనము ఆతని ఇష్టము; కాని ఆ వెల ధ్వనికి చెల్లించినదని ఆతడు భావించిన అది సత్యము కాదు. ట్యూబ్ స్క్రీమరు పెడలులోని 4558 చిప్పుపై మోజును అట్టిదే. ఆ దినములలో ఎన్నెన్నో సామాన్య పరికరములలో వాడిన చవుక చిప్పు అది. బేసు వాయించువారు ఆ చిప్పు జాతికంటె దాని ప్రక్కనుండు 0.047 మైక్రోఫారడు కెపాసిటరును చూచుట మేలు. దానివలన 720 హెర్ట్జులకు దిగువనున్న ధ్వనికి వర్ధనము క్రమముగా తగ్గును. బేసు లావు తీగ అంతకు నాలుగు స్థాయిలకు పైగా క్రిందనున్నది. గిటారునకు పేరెన్నికగన్న ఆ పెడలు బేసునకు డొల్లగా వినబడుటకు హేతువిదియే.

ఏ పాత పెడలులోనైనను నిజముగా చచ్చిపోవునవి ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు. వానిలోని ద్రవము రబ్బరు బిరడాగుండ మెల్లమెల్లగా ఆవిరియగును. ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగినకొలది ఆయువు సగమగును. వానిని మార్చుటకు అయ్యెడు వ్యయము అల్పము. మార్చినందుకు వెల తగ్గింపుమనుట మూఢత్వము. బ్యాటరీ కారి క్షారము లోని రేకులను తినివేసినదేమో మూత తెరచి చూడవలయును. అమ్మువాడు పెడలును పంపుటకు ముందు బ్యాటరీని తీసివేయుట కనీసధర్మము. అడాప్టరు విషయమున అధికశాతము పెడళ్లకు నడిమి సూది ఋణధ్రువము. కొన్ని పాతవానికి ధనధ్రువము. తారుమారుగా పెట్టిన ఒక్క క్షణమున పెడలు కాలవచ్చును గాన, పెట్టెపై ముద్రించిన గుర్తును చదువక ఏ తీగయు గ్రుచ్చరాదు.

తుదకు దొంగసొత్తు. డెట్రాయిట్ నగరమున మోటౌన్ సంస్థ రికార్డులకు ప్రాణము పోసిన జేమ్స్ జేమర్సన్ 1962 నాటి ప్రెసిషన్ బేసు, 1983లో ఆయన మరణించుటకు కొద్దిదినముల ముందు అపహరింపబడి నేటికిని దొరకలేదు. జాకో పాస్టోరియస్ అను బేసు వాదకుడు మెట్లు పెరికి, ఆ గాళ్లను పూడ్చి, పడవలకు పూయు ఎపాక్సీని పూసికొన్న జాజ్ బేసు 1986లో న్యూయార్కున పోయి, దాదాపు ఇరువదేండ్లకు ఆ నగరపు అంగడిలోనే బయటపడెను. పాల్ మెకార్ట్‌నీ 1961లో హాంబర్గున సుమారు 30 పౌన్లకు కొన్న హోఫ్నర్ బేసు 1972లో లండనునందు ఒక వ్యానునుండి దొంగిలింపబడి, ఇంగ్లండులో ఒక ఇంటి అటకపై యేండ్లతరబడి పడియుండి, ఆయనకు తిరిగి చేరినట్లు 2024 ఫిబ్రవరిలో ప్రకటింపబడెను. అది ఆయనదేయని తయారుచేసిన హోఫ్నర్ సంస్థయే పరీక్షించి ధ్రువపరచినది. తనది కానిదానిని అమ్మువాడు కొనువానికి తనకు లేని హక్కును ఇవ్వజాలడని మన దేశపు 1930 నాటి వస్తు విక్రయ చట్టము 27వ విభాగము చెప్పుచున్నది. ధర్మబుద్ధితో కొన్నవాడును సాధారణముగా వస్తువును వదలుకొనవలసినదే. కావున కొనునప్పుడు పూర్వపు రసీదు నడుగుటలో అవమానమేమియు లేదు. కొన్న పిదప, ఒక్కసారి మెడను విప్పినప్పుడే, మడమపై ముద్రను, పొటెన్షియోమీటరు వెనుకటి అంకెలను, ముందుభాగమున కొయ్య రేఖల పోకడను, పూతపైని ప్రతి పగులును ఛాయాచిత్రములు తీసి, రసీదుతో కలిపి, వాద్యముండు పెట్టెలో గాక వేరొకచోట భద్రపరచవలయును.